గూడెం గుమ్మంలోకి కార్బన్ బేరం వస్తే: గ్రామసభలకూ చిన్న సంస్థలకూ మెట్టు మెట్టుగా మార్గదర్శి

రేపు ఒక కారు వచ్చి మీ గూడెం చింతచెట్టు కింద ఆగుతుంది. దిగిన మనిషి చేతిలో ల్యాప్‌టాప్, నోట్లో కార్బన్ క్రెడిట్ మాట. చెట్లు గాలి నుంచి పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్‌కు టన్నుల లెక్కన ఇచ్చే, కంపెనీలకు అమ్ముకోగలిగే పత్రం అన్నమాట. "మీరు కొత్తగా చేసేదేం లేదు, చెట్లు కాపాడితే చాలు, ఏటా డబ్బులు" అంటాడు. ఊరు తల ఊపుతుంది. చెట్లు కాపాడటం కొత్త కాదు మరి, డబ్బులే కొత్త. ఆ రోజు ఏ కాగితం చూపించాలి, ఎవరిని ముందు కూర్చోబెట్టాలి, ఏం అడగాలి, ఎక్కడ వేలిముద్ర వేయకూడదు అన్నది ఊరికి ముందే తెలిసి ఉండాలి. సామర్థ్యం పెంచడం అని ప్రాజెక్టు కాగితాల్లో రాసేదానికి నాకు తెలిసిన అర్థం ఇంతే.

వరంగల్, హనుమకొండల్లో ఆఫీసు పెట్టుకున్న సంస్థలు ఈ పనిని చాలాసార్లు తలకిందులుగా మొదలుపెడతాయి. ప్రొజెక్టర్ మీద కరుగుతున్న మంచు, పారిస్ ఒప్పందం, రెండు గంటల ఉపన్యాసం, భోజనాలు, గ్రూప్ ఫోటో. సాయంత్రానికి అందరూ ఇంటికి. హక్కు పత్రం లేని ఊరికి కార్బన్ పాఠం చెప్పడం దండగ అని నా గట్టి నమ్మకం. పైగా ప్రమాదం కూడా, ఎందుకంటే ఆశ పుట్టించి ఆయుధం ఇవ్వకుండా వదిలేసినట్టవుతుంది. అందుకే ఇక్కడి వరుస వేరు. ముందు భూమి ఎవరిదో తేలాలి, తర్వాత సభ గట్టిపడాలి, ఆ తర్వాత కొలత. బేరం చివర్న.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో పనిచేసే చిన్న సంస్థలు, అటవీ హక్కుల కమిటీ సభ్యులు, చదువుకున్న ఆదివాసీ యువత కోసం రాస్తున్నాను.

మొదటి మెట్టు: వచ్చింది ఏ పథకమో తేల్చుకోండి

అడవి, వాతావరణం, డబ్బు కలిసే పథకాలు ఇప్పుడు నాలుగైదు రకాలున్నాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు.

అన్నిటికంటే పెద్ద పేరు రెడ్ ప్లస్. అడవుల నరికివేత, క్షీణత తగ్గించి కార్బన్ నిల్వ పెంచే దేశాలకు ఫలితాన్ని బట్టి డబ్బు ఇవ్వాలన్న అంతర్జాతీయ ఏర్పాటు ఇది. 2007లో బాలిలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సమావేశంలో ఒక రూపం వచ్చింది. 2010లో కాంకున్‌లో ఏడు రక్షణ నియమాలు చేర్చారు. 2013లో వార్సాలో విధివిధానాలు కుదిరాయి. మన దేశం 2018లో జాతీయ రెడ్ ప్లస్ వ్యూహాన్ని విడుదల చేసింది. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని ప్రపంచానికి మాట కూడా ఇచ్చింది. ఇదంతా ప్రభుత్వాల మధ్య లెక్క, గూడేనికి నేరుగా చెక్కు రాదు. అయినా ఆ మాట నిలబడాలంటే ఎక్కడో ఒకచోట మొక్కలు లేవాలి. ఆ చోటు మీ పోడు కావచ్చు, మీ పశువులు మేసే బీడు కావచ్చు.

గనికో రోడ్డుకో అడవి పోయినప్పుడు దానికి బదులు వేరేచోట పెంచే మొక్కల డబ్బు కాంపా నిధి. దానికి 2016లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2023 అక్టోబర్‌లో వచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకంలో, పాడైన అటవీ భూమిలో చెట్లు పెంచడానికి ఖర్చుపెట్టిన కంపెనీకి క్రెడిట్లు వస్తాయి. రాష్ట్రంలో 2015లో మొదలైన హరితహారం, ఇప్పటి వనమహోత్సవం వేరు. ఇక ప్రైవేటు కార్బన్ మార్కెట్: వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ వంటి సంస్థల నియమాల ప్రకారం నమోదు చేసి, క్రెడిట్లు తయారుచేసి, విదేశీ కంపెనీలకో మన కంపెనీలకో అమ్మడం. కారులో వచ్చే మనిషి చాలావరకు ఈ చివరి రకం.

పొలం గట్ల మీదా, పట్టా చేలల్లోనూ చెట్లు పెంచే ప్రాజెక్టు ఒక రకం, అడవినే లెక్కలోకి తెచ్చే ప్రాజెక్టు ఇంకో రకం. మొదటి దానికి మనవైపు చరిత్ర ఉంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక వనాల ప్రాజెక్టు 2009లోనే ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం (కాలుష్యం తగ్గించే ప్రాజెక్టులకు క్రెడిట్లిచ్చే పథకం) కింద నమోదైంది. అక్కడ బేరం రైతుకూ కంపెనీకీ మధ్య. అడవి విషయం అలా కుదరదు, అక్కడ గ్రామసభ లేకుండా బేరమే లేదు.

ఈ ప్రాంతానికి కార్బన్ అమ్మకం కొత్తేమీ కాదని కుర్రవాళ్ళకు చెప్పండి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళా సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీశాయి. ఆ నూనె డీజిల్‌కు బదులు వాడటం వల్ల పదేళ్లలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లకు కొన్నది. తాను జరిపిన ఒక అంతర్జాతీయ సమావేశం వల్ల వెలువడిన పొగకు పరిహారంగా అన్నమాట. అప్పటి మారకంలో సుమారు 30 వేల రూపాయలు. శిక్షణలో ఈ కథ చెప్పి, "పదేళ్ల లెక్కకు 30 వేలు ఎక్కువా, తక్కువా?" అని అడిగి వదిలేయండి. ఆ వాదన గంట నడుస్తుంది, ప్రొజెక్టర్ కంటే ఎక్కువ నేర్పుతుంది.

రెండో మెట్టు: ట్రంకు పెట్టె తెరవండి

ప్రతి ఇంట్లో రేకు పెట్టె అడుగున ఆధార్ కార్డుతో, బియ్యం కార్డుతో కలిసి పాలిథిన్ కవర్‌లో ఒక కట్ట ఉంటుంది. శిక్షణ మొదటి రోజు ఆ కట్టలతోనే గడపాలి. ఎవరికి వ్యక్తిగత పోడు పట్టా ఉంది, ఎవరికి దరఖాస్తు రసీదు మాత్రమే ఉంది, ఎవరికి ఏమీ లేదు అని మూడు కుప్పలు వేయండి. 2023 జూన్‌లో మొదలైన పంపిణీలో రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు కాబట్టి మొదటి కుప్ప పెద్దగానే ఉండొచ్చు. కాని అవి సాగు భూమికి సంబంధించినవి. ఊరి చుట్టూ ఉన్న అడవి మీద హక్కు వేరే కాగితం.

ఆ కాగితం పేరు సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ ప్రకారం, ఊరు సంప్రదాయంగా కాపాడుకుంటూ వచ్చిన అడవిని రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు గ్రామసభది. కార్బన్ బేరంలో కూర్చోవడానికి మీకున్న అసలు బలం ఇదే. 'సామూహిక పట్టా ఉంది' అని ఎవరైనా అంటే నమ్మేయకండి, తీసి చదవండి. ఉమ్మడి రాష్ట్రంలో తొలిరోజుల్లో కొన్నిచోట్ల ఈ పత్రాలను గ్రామసభ పేరున కాకుండా వన సంరక్షణ సమితి (వీఎస్‌ఎస్) పేరున ఇచ్చారు. వీఎస్‌ఎస్ అటవీ శాఖ ఏర్పాటు, గ్రామసభ చట్టం గుర్తించిన అధికారం. పేరు తప్పుంటే సరిచేయమని గ్రామసభ తీర్మానంతో అడగండి.

పత్రమే లేకపోతే దరఖాస్తు చేయాలి. వ్యక్తిగతానికి ఫారం 'ఏ', సామూహిక వినియోగ హక్కులకు 'బి', అటవీ వనరుల హక్కుకు 2012 సవరణతో వచ్చిన 'సి'. గ్రామసభ పది నుంచి పదిహేను మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. అందులో మూడింట రెండు వంతులు షెడ్యూల్డ్ తెగల వారు, మూడో వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలి. పాత కమిటీలో చనిపోయినవారు, వలస పోయినవారు ఉంటే ముందు దాన్ని బాగుచేయండి.

పటం గీయడం ఈ పనిలో అందమైన భాగం. తొందరపడకండి. వడ్డె (ఊరి పూజారి), పటేల్, ముసలి ఆడవాళ్ళు, పశువుల కాపర్లు ముందు నడవాలి, ఫోన్‌లో జీపీఎస్ పట్టుకున్న కుర్రవాళ్ళు వెనక నడవాలి. దేవర గుట్ట, పాత ఊరి దిబ్బ, సమాధుల చోటు, తునికాకు కల్లం, ఇప్పచెట్ల గుంపులు, తప్సి బంక తీసే చెట్లు, చేపలు పట్టే మడుగు, పక్క ఊరి హద్దు రాయి అన్నీ గుర్తించండి. వీటిలో చాలావరకు రేపు దరఖాస్తుకు సాక్ష్యాలే. నిబంధనల ప్రకారం ఒకటికి మించి సాక్ష్యాలు కావాలి, పెద్దల వాంగ్మూలం కూడా అందులో ఒకటి. "శాటిలైట్ ఫోటోలో ఇక్కడ మీరు కనిపించడం లేదు" అని ఎవరైనా అంటే, ఉపగ్రహ చిత్రం అదనపు సాక్ష్యమే తప్ప మిగతా సాక్ష్యాలకు బదులు కాదని 2012 సవరణ నిబంధనల్లోనే ఉందని చెప్పండి. పక్క ఊరితో హద్దు తగాదా ఉంటే ఇద్దరూ కలిసి కూర్చుని, ఉమ్మడిగా వాడుకునే చోటు అని రాసుకుంటే సరిపోతుంది.

తర్వాత కాగితం గ్రామసభ ఆమోదంతో డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పోతుంది. అడవి మీద ఆధారపడిన ఊరికి ఈ హక్కు గుర్తించకపోతే, ఎందుకు గుర్తించలేదో జిల్లా కమిటీ కారణం నమోదు చేయాలి. ఆ కారణం రాతపూర్వకంగా అడగడం మరిచిపోవద్దు.

గోదావరి, ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖ అనే గోండు ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఈ హక్కు పొందింది. 2011లో వెదురు రవాణా పర్మిట్లు రాసే అధికారం గ్రామసభ చేతికి వచ్చింది. వీలైతే మీ కమిటీని అక్కడికి తీసుకెళ్ళండి. వరంగల్ హోటల్ హాల్లో రెండు రోజుల వర్క్‌షాప్ ఖర్చుతో జీపులో పోయి రావచ్చు. గోండి మాట కలుస్తుంది కాబట్టి గోండు గూడేలవాళ్ళకు మధ్యవర్తి కూడా అక్కర్లేదు.

మూడో మెట్టు: సభను సభలా నడపండి

షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ప్రకారం గిరిజన ప్రాంతంగా గుర్తించిన చోట, అక్కడి పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ అంటే ఆవాసం స్థాయి సభ. నాలుగు గూడేల పంచాయతీకి కలిపి సర్పంచ్ ఆఫీసులో జరిగే సమావేశం దానికి సమానం కాదు. అటవీ హక్కుల విషయంలో సభ్యుల్లో సగానికి తగ్గకుండా హాజరు కావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి.

ఇది పుస్తకంలో మాట. ఆచరణలో సభ చెడేది రెండు చోట్ల.

ఒకటి, సమయం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఆడవాళ్ళు మిర్చి ఏరడానికి మంగపేట, ఖమ్మం వైపు పోతారు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారకముందే ఇప్పపువ్వు. ఏప్రిల్ చివర నుంచి తునికాకు: పొద్దున కోత, మధ్యాహ్నం 50 ఆకుల కట్టలు, సాయంత్రం కల్లం దగ్గర లైను. మృగశిర వస్తే విత్తనాలు, ఆపైన వాగులు పొంగితే దారే ఉండదు. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర. ఫండర్ ఇచ్చిన క్యాలెండర్‌లో మార్చి 31 లోపు శిక్షణలు పూర్తి చేయాలని ఉంటుంది, సరిగ్గా ఊరు ఖాళీగా ఉండే కాలం. వరి కోతలయ్యాక డిసెంబర్, జనవరి ఒక వీలు, నాట్లయ్యాక ఆగస్టు చివర, సెప్టెంబర్ ఇంకో వీలు. ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడే ఈ నెలలు పెట్టించండి, తర్వాత బతిమాలుకోవాల్సిన పని ఉండదు.

రెండోది, హాజరు పట్టీ. దుప్పట్లు పంచిన రోజు తీసుకున్న సంతకాలు, బియ్యం ఇచ్చిన రోజు వేయించిన వేలిముద్రలు ఒక్కోసారి ఏ తీర్మానం వెనకకో చేరతాయి. దీనికి మందు చిన్నదే. తీర్మాన పుస్తకంలో పేజీలకు ముందే నంబర్లు వేయండి. హాజరు, తీర్మానం ఒకే పేజీలో గానీ, ఎదురెదురు పేజీల్లో గానీ ఉండాలి. రాసింది తెలుగులో ఒకసారి, కోయలోనో గోండిలోనో కొలామీలోనో ఇంకోసారి బిగ్గరగా చదివాకే సంతకాలు. చివరి సంతకం కింద అడ్డగీత కొట్టండి, కింద ఎవరూ ఏమీ చేర్చకుండా. పుస్తకం ఊళ్ళోనే ఉండాలి. సంస్థకు కావాలంటే ఫోన్‌తో ఫోటో తీసుకుంటుంది. ఖాళీ కాగితం మీద వేలిముద్ర అడిగినవాడు ఎంత మంచివాడైనా సరే, ఆ రోజుకు సభ ముగిసిందనుకోండి.

సభలో లేనివారి సంగతి కూడా అడగాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలకు చాలాచోట్ల హక్కు పత్రాలు లేవు, సభలో కుర్చీ లేదు. కాని అడవి కంచె పడితే మొదటి దెబ్బ వాళ్ళకే. గొర్రెల మందలతో వచ్చే గొల్ల కురుమలు, తండాల లంబాడీలు, నాయకపోడులు అందరికీ అదే అడవి. ఆదివాసీ, లంబాడీ తగాదా గురించి తెలియనట్టు నటించే సంస్థ ఈ ప్రాంతంలో నిలబడదు. ఎవరి వినియోగం ఏమిటో పటం మీద విడివిడిగా గుర్తిస్తే సగం వేడి తగ్గుతుంది. ఉమ్మడి ఆదిలాబాద్‌లో అయితే రాయిసెంటర్ల (గోండుల సంప్రదాయ పంచాయతీల) పెద్దలైన సార్మేడీలతో ముందే మాట్లాడి పెట్టుకోండి. పది మీటింగుల్లో తేలనిది అక్కడ ఒక్క పూటలో తేలుతుంది.

నాలుగో మెట్టు: ఊరి శిక్షకులను ఎంచుకోండి

బయటి నిపుణుడు వచ్చి పోతాడు. ప్రతి గూడెంలో నలుగురు మిగలాలి. ఇద్దరు మహిళలు, ఒక చదువుకున్న కుర్రాడు, అడవి తెలిసిన ఒక పెద్ద. డిగ్రీ చదివిన కుర్రాడొక్కడినే పట్టుకుంటే ఆర్నెల్లలో హైదరాబాద్ పోతాడు, తప్పు అతనిది కాదు. సంఘం లెక్కలు రాసే అక్కలు మంచి ఎంపిక, వాళ్ళకు వడ్డీ, వాయిదా, రసీదు ముందే తెలుసు.

వాళ్ళకు ఆ రోజు కూలి ఇవ్వండి. 'స్వచ్ఛందంగా రావాలి' అనే సంస్థ ఉద్యోగికి మాత్రం జీతం ఆగదు కదా.

పాఠం చిన్న ముక్కలుగా, నెలకోసారి, ఊళ్ళోనే. అన్నిటికంటే పనికొచ్చేది నాటకం. ఒకరు కంపెనీ ఏజెంటు, ఒకరు బీట్ ఆఫీసర్, ఒకరు తొందరగా సంతకం పెట్టేద్దామనే ఊరి పెద్ద, మిగతావాళ్ళు సభ. ఏజెంటు పాత్ర ఊళ్ళో బాగా మాటకారికి ఇవ్వండి. నవ్వులు అయ్యాక, "వాడు ఏ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటేశాడు?" అని అడగండి.

ప్రపంచ బ్యాంకు అటవీ కార్బన్ భాగస్వామ్య నిధి 2008లో మొదలైంది. అందులో అడవి ప్రజలకూ పౌర సంస్థలకూ శిక్షణ ఇచ్చే ప్రత్యేక విభాగం పెట్టారు. నేపాల్, వియత్నాం, ఇండోనేషియా ఆ నిధిలో భాగస్వాములు, మన దేశం కాదు. వాళ్ళ శిక్షణ పాఠాలు తెచ్చి అలాగే అప్పజెప్పొద్దు. వాటిలో హక్కు అధ్యాయం మెత్తగా ఉంటుంది, మన చట్టం అంతకంటే గట్టిది.

ఐదో మెట్టు: చెట్టును మీరే కొలవండి

కొలత తెలియనివాడికి బేరం తెలియదు. ఇది ఇంజినీర్ల పని అనుకుని వదిలేస్తారు గానీ ఐదో తరగతి లెక్కలు చాలు. నేల ఆరి, పొదలు కాస్త పలచబడే నవంబర్, డిసెంబర్ నెలలు మంచివి.

కావాల్సినవి ఒక తాడు, దర్జీ టేపు, సున్నం, నోటు పుస్తకం, ఫోన్. అడవిలో చదరంగా ఒక ముక్క గుర్తించండి, ఒక్కో వైపు 31.62 మీటర్లు. విచిత్రమైన అంకెలా ఉన్నా, దాన్ని దానితోనే గుణిస్తే వెయ్యి చదరపు మీటర్లు, అంటే హెక్టారులో పదో వంతు. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఎదురు మూలల మధ్య తాడు లాగండి, రెండు వైపులా 44.7 మీటర్లు రావాలి. రాకపోతే చదరం వంకర పోయినట్టే.

లోపలున్న ప్రతి చెట్టుకు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీయండి. వాలు మీద చెట్టయితే ఎగువ వైపు నిలబడి ఎత్తు చూడాలి. ఆ ఎత్తుకు కిందే చీలిన చెట్టును రెండుగా లెక్కించాలి. కొలిచిన చెట్టుకు సున్నం బొట్టు పెట్టండి, లేకపోతే ఒకే నల్లమద్దిని రెండుసార్లు రాస్తారు. ఒకరు కొలుస్తూ అంకె గట్టిగా చెప్పాలి, రాసేవాళ్ళు అదే అంకె తిరిగి చెప్పి రాయాలి. చెట్టు పేరు మీ భాషలో రాయండి, శాస్త్రీయ నామం తర్వాత ఎవరైనా చేరుస్తారు.

చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. 3.14తో భాగిస్తే అడ్డుకొలత సుమారు 30. ఆ జాతికి తగిన సూత్రంలో ఈ అంకె వేస్తే చెట్టు ఎండు బరువు వస్తుంది, ఇక్కడ అటవీ శాస్త్రం తెలిసిన ఒకరి సాయం తీసుకోండి. ఎండు బరువు 400 కిలోలు అనుకుందాం. అందులో కార్బన్ సుమారు 47 శాతం, అంటే 188 కిలోలు. దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క, సుమారు 690 కిలోలు. టన్నుకు ఒక క్రెడిట్. కాబట్టి అంత లావు చెట్టు మొత్తం కలిపినా ఒక క్రెడిట్‌కు తక్కువే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అడవిలో ఉన్న కార్బన్ అంతటికీ ఎవరూ డబ్బు ఇవ్వరు. బ్యాంకులో అసలు అలాగే ఉండగా వడ్డీ మాత్రమే చేతికి వచ్చినట్టు, ప్రాజెక్టు లేకపోతే జరిగేదానికీ ప్రాజెక్టు వల్ల జరిగినదానికీ మధ్య తేడాకే క్రెడిట్. ఆ 'లేకపోతే జరిగేది' ఎవరు రాస్తారన్నదాని మీదే లాభం అంతా ఆధారపడుతుంది. "ఈ ఊరివాళ్ళు అడవిని నాశనం చేస్తున్నారు, మా ప్రాజెక్టు వచ్చి ఆపింది" అని రాస్తే క్రెడిట్లు పెరుగుతాయి. ఆ వాక్యం మీద సంతకం పెడితే, రేపు హక్కుల కేసులో అదే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. ప్రాజెక్టు పత్రంలో మీ ఊరి గురించి రాసిన పేరా చదివి వినిపించమని పట్టుబట్టండి.

ఇంకో చిక్కు, చెట్టు నిలుస్తుందా అన్నది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఒక్కసారిగా వచ్చిన పెనుగాలికి వేల చెట్లు నేలకూలాయి. ఎవరూ గొడ్డలి పట్టలేదు. అలాంటి రోజు అమ్మేసిన క్రెడిట్ల సంగతేంటి? పెద్ద ప్రమాణాల్లో దీనికోసం కొన్ని క్రెడిట్లను అమ్మకుండా పక్కన ఉంచుతారు. మీ ఒప్పందంలో ఎంత పక్కన ఉంచారు, నష్టం వస్తే ఊరు తిరిగి కట్టాలా అని అడగాలి.

ఆరో మెట్టు: ఒప్పందాన్ని చివరి పేజీ నుంచి చదవండి

మొదటి పేజీలో అన్నీ తీపి మాటలే ఉంటాయి. చివరి పేజీల్లో గడువు, రద్దు, వివాదం, పరిహారం ఉంటాయి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎన్నేళ్లు? అటవీ ప్రాజెక్టులు ముప్పై, నలభై ఏళ్ల దాకా నడుస్తాయి. సంతకం పెట్టినవాళ్ళ మనవలు కట్టుబడాలి. మధ్యలో బయటికి రావాలంటే దారి ఉందా? తగాదా వస్తే ఏ ఊరి కోర్టు, ఏటూరునాగారం మనిషి ముంబై పోవాలా? ఈ కంపెనీ ఒప్పందాన్ని ఇంకో కంపెనీకి అమ్మేయవచ్చా? తునికాకు, వంటచెరకు, మేత, ఇప్పపువ్వు, చెరువు మట్టి మీద ఏమైనా ఆంక్ష ఉందా? ఊరి వాటా మొత్తం అమ్మకంలోనా, ఖర్చులు పోగా మిగిలినదానిలోనా? ఖర్చులు పోగా అని ఉంటే ఖర్చు ఎవరు రాస్తారు? సర్వే, ఆడిట్ ఫీజులు పోయాక సున్నా మిగలడం పెద్ద వింతేమీ కాదు. క్రెడిట్ ఎంతకు, ఎవరికి అమ్మారో ఊరికి చెప్పే నిబంధన ఉందా? తెలుగు ప్రతికీ ఇంగ్లీషు ప్రతికీ తేడా వస్తే ఏది చెల్లుతుంది?

చట్టం మీ వైపు నిలబడే చోట్లు కొన్ని ఉన్నాయి. అటవీ హక్కు పత్రం వారసులకు వస్తుంది, కాని దాన్ని అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. అందులో బదలాయింపు అంటే అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, భూమికి సంబంధించిన కాంట్రాక్టు కూడా. 'ఇది భూమి కాదు, కార్బన్ మాత్రమే' అని వాళ్ళు వాదిస్తారు. నలభై ఏళ్లు ఆ నేల మీద ఏం చేయకూడదో రాసి ఉన్న కాగితం భూమి కాంట్రాక్టు అవునా కాదా అన్నది లాయర్‌ను అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. సంతకానికి ముందే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి ఆ ప్రశ్న రాతపూర్వకంగా పంపండి.

ముందుగా, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చే సమ్మతి ఆదివాసీల హక్కు అని 2007 ఐక్యరాజ్యసమితి ప్రకటన చెబుతుంది, మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. అంతకంటే దగ్గరి ఉదాహరణ ఒడిశా నియమగిరి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కొండ మీద బాక్సైట్ గని విషయంలో తమ హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12కు 12 వద్దన్నాయి. గని రాలేదు. గనికి వర్తించిన న్యాయం పచ్చని పేరుతో వచ్చిన ప్రాజెక్టుకు ఎందుకు వర్తించకూడదు?

ఒప్పందం వచ్చిన రోజే జవాబు ఇవ్వొద్దు. కనీసం రెండు సభలు, మధ్యలో ఒక నెల. మొదటి సభ వినడానికి, రెండోది తేల్చడానికి. ఆ నెలలో ఏజెంటు విసిగిపోయి వెళ్ళిపోతే మంచిదే.

ఏడో మెట్టు: డబ్బు ఏ ఖాతాలోకి

2021 గ్లాస్గో వాతావరణ సమావేశంలో ఆదివాసీల, స్థానిక సమాజాల అడవి హక్కుల కోసం దాతలు 170 కోట్ల డాలర్లు ప్రకటించారు. మొదటి ఏడాది ఇచ్చినదాంట్లో నేరుగా ఆదివాసీ, స్థానిక సంస్థలకు చేరింది 7 శాతమే. మిగతాది మధ్యవర్తుల ద్వారా.

మన దగ్గర ఇంకో ముడి ఉంది. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక, విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. కాబట్టి హైదరాబాద్ సంస్థ విదేశీ ప్రాజెక్టు తెచ్చి మీ చిన్న సంఘానికి కొంత పంచుతానంటే చట్టం ఒప్పుకోదు. ఖర్చు అది నేరుగా పెట్టవచ్చు. ఈ ఒక్క నిబంధన తెలియక ఆశలు పెట్టుకున్న చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. దేశీయ నిధులకు అయితే ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఖాతా, ఏటా ఆడిట్ ఉంటే చాలు, మిగతా హంగులు తర్వాత.

అడవి మీద వచ్చే డబ్బుకు మాత్రం సంస్థ ఖాతా వద్దు. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభ వేసుకునే అడవి రక్షణ, నిర్వహణ కమిటీ ఉంది. ఈ నిర్వహణ ఎలా ఉండాలో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2023 సెప్టెంబర్‌లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆ కమిటీ పేరున ఖాతా, చెక్కుకు ఇద్దరి సంతకాలు, అందులో ఒకరు మహిళ. నెలకోసారి వచ్చినది, పోయినది, మిగిలినది అంగన్‌వాడీ గోడ మీద బొగ్గుతోనైనా రాయండి. సంఘం అక్కల లెక్కలకు అలవాటైన ఊరికి ఇది కష్టం కాదు.

ఎనిమిదో మెట్టు: మాట తప్పితే ఎక్కడికి పోవాలి

డివిజన్ కమిటీకి గానీ జిల్లా కమిటీకి గానీ అప్పీలు చేసుకోవడానికి 60 రోజులు. కాగితం చేతికి వచ్చిన రోజు నుంచి కాదు, తీర్మానమో నిర్ణయమో జరిగిన తేదీ నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. అటవీ శాఖ మీ హద్దులో మొక్కలు నాటుతుంటే ఏ నిధితో, ఎవరి అనుమతితో అని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఒకే దరఖాస్తులో పది ప్రశ్నలు వద్దు. సర్వే నంబరు, కంపార్ట్‌మెంట్ నంబరు, గ్రామసభ తీర్మానం నకలు, అంతే.

ప్రైవేటు ప్రాజెక్టు అయితే అది నమోదైన ప్రమాణ సంస్థకు నేరుగా ఫిర్యాదు పంపవచ్చు. కంబోడియాలో దక్షిణ కార్డమమ్ అడవుల ప్రాజెక్టు మీద ఆదివాసీ కుటుంబాల పట్ల దౌర్జన్యం ఆరోపణలు వచ్చినప్పుడు వెర్రా 2023 జూన్‌లో క్రెడిట్ల జారీ ఆపింది. ఏడాది దాటాక మళ్ళీ అనుమతించింది. అంటే ఫిర్యాదుకు పూర్తి న్యాయం దక్కుతుందని భరోసా లేదు గానీ, అమ్మకం మాత్రం ఆగుతుంది. కంపెనీ భయపడేది దానికే. ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించడం, ఫోటోలకు తేదీలు పెట్టడం, అసలు కాగితాలు ఊళ్ళోనే ఉంచి నకళ్ళు పంపడం వంటివి వరంగల్ సంస్థలు చేయదగిన సాయం. ఊరి తరఫున ప్రెస్‌మీట్ పెట్టి మైకులో మాట్లాడటం మాత్రం ఊరివాళ్ళకే వదలండి.

ఊరు వద్దనుకుంటే ఆ నిర్ణయానికి కూడా కాగితం కావాలి. మాటతో పంపిస్తే ఆర్నెల్లకు 'ఆలోచిస్తామన్నారు' అని తిరిగి వస్తారు. ఏ తేదీన ఎవరు వచ్చారు, ఏం చెప్పారు, ఏ ప్రశ్నలకు జవాబు ఇవ్వలేదు, అందుకే సభ ఒప్పుకోలేదు అని తీర్మానం రాయండి. ఒక ప్రతి కంపెనీకి, ఒకటి ఐటీడీఏకు, ఒకటి కలెక్టర్‌కు, ఒకటి జిల్లా అటవీ అధికారికి స్పీడ్ పోస్టులో పంపి, రసీదులు అదే పేజీకి అతికించండి. కొత్త పేరుతో ఇంకొకరు వచ్చినప్పుడు మాట మొదలుపెట్టకముందే ఆ పేజీ తీసి చదవమనండి.